వందనాలు చెప్పుకున్నాక ఏటి?

గోల్డ్ లోన్ ఆఫీసులో టోకెన్ పట్టుకుని కూర్చున్నప్పుడు మన చర్చి సంఘంవాళ్ళు ఎవరైనా లోపలికొస్తే మీరేం చేస్తారో నాకు తెలీదు, నేనైతే ఫోన్ తీసి తల దించేశాను. పోయిన ఏడాది జూన్ సంగతి. పెద్దోడి ఇంటర్ ఫీజు కట్టాలి, మా ఆవిడ గొలుసు రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకుని శ్రీకాకుళంలో ఆ ఆఫీసుకి వెళ్ళాను. నా టోకెన్ 24. తలుపు తోసుకుని లోపలికి వచ్చినాయన ఎవరంటే, మా చర్చిలో నాకు రెండు వరసల ముందు కూర్చునే అన్నయ్య. ఆయనా నన్ను చూశాడు. చూసి, గోడ మీద వడ్డీ రేట్ల బోర్డు చదవడం మొదలుపెట్టాడు. ఒక ఇరవై నిమిషాలు ఇద్దరం అలాగే ఉన్నాం, నేను ఫోన్‌లో, ఆయన బోర్డులో. ఆ బోర్డు మీద ఉన్నవి నాలుగే లైన్లు.

నా పని అయి లేచేసరికి ఆయన దారికి అడ్డంగా ఉన్నాడు. తప్పించుకోవడానికి లేదు. "ఏటి తమ్ముడూ, నువ్వూనేటి?" అన్నాడు. ఆ మాటకి ఇద్దరికీ నవ్వొచ్చింది, అక్కడ కూర్చున్నవాళ్ళందరూ మమ్మల్నే చూశారు, బంగారం తాకట్టు పెట్టడానికి వచ్చి ఇంత నవ్వేవాళ్ళు అక్కడ ఎవరూ లేరు మరి. ఆయన టోకెన్ 27. ఆయన పని అయ్యేదాకా ఆగాను. రోడ్డవతల టీ తాగాం.

వదినకి మార్చిలో విశాఖపట్నంలో ఆపరేషన్ అయిందట. మార్చిలో! మేం టీ తాగుతున్నది జూన్‌లో. మధ్యలో ప్రతి ఆదివారం నేను ఆయనకి చెయ్యి కలిపి "వందనాలు బ్రదర్, బాగున్నారా" అన్నాను, ఆయన "దేవుని కృప బ్రదర్" అన్నాడు, ఇద్దరం చెప్పులేసుకుని ఇళ్ళకెళ్ళాం. లెక్కేసుకుంటే పన్నెండో పదమూడో ఆదివారాలు. వదిన ఆరు వారాలు చర్చికి రాలేదు, నేను గమనించలేదు. మా ఆవిడ గమనించింది గానీ కూతురింటికి వెళ్ళిందనుకుంది. ఆయన చెప్పలేదు కదా అనొచ్చు. నేను మాత్రం చెప్పానా, గొలుసు జేబులో పెట్టుకుని ఫోన్ వెనకాల దాక్కున్నవాణ్ణి.

మా సంఘంలో మీటింగులు తక్కువా అంటే కాదు. ఆదివారం ఆరాధన, దానికి ముందు సండే స్కూలు, బుధవారం బైబిల్ స్టడీ, శుక్రవారం ఉపవాస ప్రార్థన, శనివారం యూత్, నెల మొదటి ఆదివారం బల్ల (అందరం రొట్టె విరుచుకునేది), నెలకి రెండు కాటేజీ మీటింగులు, సంక్రాంతి సెలవుల్లో మూడు రోజుల సభలు. మా అయ్యగారిని, అంటే పాస్టరుగారిని, తప్పు పట్టడం కాదు, ఆయన బండి ఒక పూట ఖాళీగా నిలబడి ఉండగా నేను చూడలేదు. కానీ ఈ అన్నిట్లోనూ అందరం ఒకే వైపు తిరిగి కూర్చుంటాం. ముందున్నవాడి వీపు చూస్తాం. ఆ అన్నయ్య వీపు నాకు బాగా తెలుసు, నీలం చొక్కా ఎడమ భుజం దగ్గర కుట్టు ఊడి ఉంటుంది. ముఖం గురించే నాకేమీ తెలీదు.

కాటేజీ మీటింగ్ అంటే ఇంట్లో కూడుకునేదే కదా అంటారేమో. ఒకప్పుడు అంతే. ఇప్పుడు షామియానా, అద్దె కుర్చీలు నలభై, మైకు, సౌండ్ బాక్సులు, అయ్యాక అందరికీ భోజనం. మా ఇంట్లో పెట్టినప్పుడు ఏడు వేలు దాటింది, మా ఆవిడ రెండు రోజులు వంటగదిలోంచి బయటికి రాలేదు, వాక్యం ఏం చెప్పారో ఇప్పటికీ ఆవిడకి తెలీదు. అందుకే ఉన్నవాళ్ళ ఇళ్ళల్లోనే మళ్ళీ మళ్ళీ జరుగుతాయి. అప్పుల్లో ఉన్నవాడు ఇంకో ఏడు వేలు అప్పు చేసి, నా అప్పుల గురించి ప్రార్థన చేయండని నలభై మందిని పిలవాలన్నమాట.

ఇక టైం. నేను పైడిభీమవరంలో ఒక మందుల ఫ్యాక్టరీలో ప్రొడక్షన్‌లో పనిచేస్తాను. ఏ షిఫ్ట్ ఉదయం 6 నుంచి 2, బి షిఫ్ట్ 2 నుంచి రాత్రి 10, సి షిఫ్ట్ 10 నుంచి తెల్లారి 6. వారం మారితే షిఫ్ట్ మారుతుంది. బుధవారం సాయంత్రం మీటింగ్ అంటే నాకు మూడు వారాల్లో ఒక వారం పనిలోనే గడుస్తుంది, ఇంకో వారం వెళ్ళినా పొద్దున్న మూడున్నరకి లేచిన శరీరం కాబట్టి మొదటి పాటకే తూగుతాను. ఆ అన్నయ్యది పక్క ఫ్యాక్టరీ, ఆయనవీ షిఫ్టులే, కాకపోతే నావీ ఆయనవీ కలవవు. మాలాంటివాళ్ళు ఈ చుట్టుపక్కల ఊళ్ళల్లో ఎంతమందో, తెల్లవారుజామున హైవే మీద కంపెనీ బస్సుల వరస చూస్తే మీకే తెలుస్తుంది. బస్సులోనే ప్రార్థన పెట్టుకోవచ్చుగా అని ఒక పెద్దాయన సలహా ఇచ్చారు. ఆయన ఎప్పుడూ ఆ బస్సు ఎక్కలేదు. ఎక్కిన ఐదు నిమిషాలకి డ్రైవర్ తప్ప అందరూ నిద్రే.

"టైం దొరికితే కలుద్దాం బ్రదర్" అని నేను ఇరవై ఏళ్ళుగా అంటున్నాను. ఆ ఇరవై ఏళ్ళల్లో టైం ఒక్కసారీ దొరకలేదు. సిగ్గు విడిచి చెప్తున్నాను, ఆ టీ తాగిన రాత్రి ఫోన్‌లో సెట్టింగ్స్ తీసి రోజుకి ఎంతసేపు చూస్తున్నానో చూశాను. 2 గంటల 50 నిమిషాలు. సి షిఫ్ట్ వారంలో ఇంకా ఎక్కువ. మర్నాడు అన్నయ్యకి ఫోన్ చేసి ఈ లెక్క చెప్తే, "నాది అడక్కు తమ్ముడూ" అన్నాడు.

ఉపాయం ఆయనదే. రోజు ఫిక్స్ చేయొద్దు, వారం ఫిక్స్ చేద్దాం అన్నాడు. అంటే ఆదివారం ఆరాధన అయ్యాక బండ్ల దగ్గర రెండు నిమిషాలు నిలబడి ఆ వారం ఎవరిది ఏ షిఫ్టో చూసుకుని, మళ్ళీ ఆదివారం లోపల ఒక్క గంట ఎక్కడ పడుతుందో తేల్చుకోవడం. ఒక వారం మంగళవారం మధ్యాహ్నం మూడున్నర, ఇంకో వారం శనివారం పొద్దున్న ఏడు. వేకువ ప్రార్థన నాలుగున్నరకి పెడదామని నేను అన్నాను, ఇంట్లో ఆడవాళ్ళిద్దరూ ఒకేసారి నా వైపు చూసిన చూపుకి ఆ మాట అక్కడితో ఆగిపోయింది. నాలుగున్నరకి మగవాళ్ళు ప్రార్థన చేసుకోవచ్చు, ఆ టైంకి క్యారేజీ ఎవరు కడతారు?

గొప్పగా మొదలైందని చెప్పను. మొదటి పది వారాల్లో ఐదుసార్లు కలిశాం. వాట్సాప్ గ్రూపు పెట్టాం, రెండో రోజుకే అందులో సూర్యోదయం బొమ్మ మీద వచనాలు, ఎవరో పంపిన ప్రవచనాలు, ఈ మెసేజ్ ఏడుగురికి పంపండి అన్నవి. మూసేసి కొత్తది పెట్టాం. దాంట్లో రాయవలసింది రెండే, ఎక్కడ, ఎప్పుడు. మార్కు సువార్త తీసుకున్నాం, పదహారు అధ్యాయాలే కదా, నాలుగు నెలల్లో అయిపోతుందనుకున్నాం. ఏడాది దాటింది, పదో అధ్యాయంలో ఉన్నాం.

మెల్లగా ఐదిళ్ళయ్యాయి. మేమూ అన్నయ్యావాళ్ళూ కాక, మా వీధిలో ఉండే డ్వాక్రా అక్క, రిటైరైన ఒక మాస్టారు, కళింగపట్నం వైపు నుంచి వచ్చి మా ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని చేసే ఒక కుర్రాడు. కానీ ఈ ఏడాది మార్చి వరకు ఒక ఇబ్బంది ఉండేది. అందరం కూర్చుంటాం, చదువుతాం, తర్వాత "ఎవరైనా పంచుకోండి" అంటే గది నిశ్శబ్దం. గోడ గడియారం వినిపిస్తుంది. చివరికి ఒకరు "దేవుడు ఈ వారమంతా కాపాడాడు" అంటారు, అందరం ఆమెన్ అంటాం, టీ.

మార్చిలో మా అత్తగారు పొందూరు దగ్గర్నుంచి ఒక బస్తా చింతకాయ పంపారు. ఇంటి నిండా చింతకాయే. మా ఆవిడ ఆ రోజు పొద్దున్నే చెప్పేసింది, ఇది తేలేదాకా నేను కూర్చోను, మీరు చదువుకోండి అని. సాయంత్రం డ్వాక్రా అక్క వచ్చి, చూసి, ఏమీ మాట్లాడకుండా చీర కొంగు దోపుకుని కింద కూర్చుని పిక్కలు తీయడం మొదలుపెట్టింది. వదిన కూర్చుంది. ఆడవాళ్ళు పని చేస్తుంటే కుర్చీలో కూర్చోలేక మేమూ దిగాం. మాస్టారు ఒక్కరికే కుర్చీ, మోకాళ్ళ నొప్పులు, ఆయనే చదివారు, ఐదో అధ్యాయం, పన్నెండేళ్ళు రక్తస్రావంతో ఉన్న స్త్రీ. ఆమె చాలామంది వైద్యుల దగ్గరికి తిరిగి తనకున్నదంతా ఖర్చు పెట్టుకుని ఇంకా జబ్బు పడిందని అక్కడ ఉంటుంది కదా. మాస్టారు ఆ వాక్యం చదవగానే వదిన, తల ఎత్తకుండా, చేతిలో చింతకాయ ఒలుస్తూనే, తన సంగతి చెప్పడం మొదలుపెట్టింది. ఆపరేషన్‌కి ముందు రెండేళ్ళు ఎవరికీ చెప్పకుండా ఎలా నెట్టుకొచ్చిందో, చర్చిలో తెల్లచీర కట్టుకోవడానికి ఎంత భయపడేదో. మగవాళ్ళ ముందు చెప్పే మాటలు కావవి. ఎవరి కళ్ళూ ఎవరి మీదా లేవు, అందరి కళ్ళూ చింతకాయ మీదే. ఆ రాత్రి తొమ్మిదిన్నరకి బస్తా అయిపోయింది. అంత వరకు ఎవరూ గడియారం చూడలేదు. వేళ్ళు నల్లబడి పులుపెక్కి మర్నాడు దాకా అలాగే ఉన్నాయి.

అప్పట్నుంచి మా దగ్గర ఒక పద్ధతి. ఎవరింటికి వెళ్తే ఆ ఇంట్లో పెండింగు పని ఏదుంటే అది మధ్యలో పెడతారు. వెల్లుల్లి, చేటలో బియ్యం, సర్దవలసిన డ్వాక్రా పుస్తకాలు, ఇస్త్రీ చేయాల్సిన యూనిఫారాలు. ఒకసారి అన్నయ్యావాళ్ళ నీళ్ళ ట్యాంకు కడిగాం, ఆ రోజు బైబిల్ తడవకుండా మాస్టారు మేడ మెట్ల మీద నిలబడి చదివారు. భోజనాలు లేవు. టీ, ఉంటే ఉడకబెట్టిన వేరుశనగకాయలు. ఆ నియమం డ్వాక్రా అక్కది, ఆవిడ మాటంటే మాటే.

ఇదేదో మేం కనిపెట్టామనుకుని మా అమ్మకి చెప్తే నవ్వింది. టెక్కలి వైపు మా నానమ్మ చిన్నప్పుడు వాళ్ళ ఊరికి, ఇళ్ళకి తిరిగి వాక్యం చెప్పే బైబిల్ స్త్రీ ఒకావిడ వచ్చేదట. 1874లో కాకినాడలో మొదలైన కెనడియన్ బాప్టిస్టు మిషన్ ఆ తర్వాతి ఏళ్ళల్లో భీమిలి, బొబ్బిలి, శ్రీకాకుళం, టెక్కలి, సోంపేట దాకా వచ్చింది కదా, దొరలూ దొరసానులూ గుర్రబ్బండిలో వచ్చి వెళ్ళేవారు గానీ ఇంటి లోపలికి, వంట దగ్గరికి వెళ్ళగలిగింది ఈ తెలుగు బైబిల్ స్త్రీలే. ఆవిడ వచ్చి రండమ్మా కూర్చోండి అని ఎవర్నీ పిలిచేది కాదట. పిలిస్తే ఎవరొస్తారు, దంపుడు ఎవరు చేస్తారు? తనే రోకలి అందుకునేదట. రెండో రోకలి పోటు ఆవిడది, మధ్యలో వచనం చెప్పేది, పాట నేర్పేది, ఆ దరువుకే. చదవడం రాని మా నానమ్మకి కీర్తనలు ఎలా వచ్చాయో నాకు అప్పుడు అర్థమైంది. మా నానమ్మ పాడేటప్పుడు ఒక్కోచోట ఊపిరి విడిచి "ఊఁ" అనేది. అది రాగం అనుకునేవాణ్ణి చిన్నప్పుడు, రోకలి పోటట.

కళింగపట్నం కుర్రాడి గురించి చెప్పాలి. వాళ్ళది వేటకెళ్ళే కుటుంబం, నాన్న ఇంకా వెళ్తాడు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం ఉంటుంది కదా, ఆ రోజుల్లో ఇంటికి డబ్బు పంపేది ఈ కుర్రాడే. ఒకరోజు మాస్టారు లూకా ఐదో అధ్యాయం తీశారు, వలలు పిగిలిపోయేంత చేపలు పడిన చోట. యాకోబు, యోహాను సీమోనుకి "పాలివారు" అని మన బైబిల్లో ఉంది. ఆ కుర్రాడు, "పాలివారంటే ఆస్తి కోసం కొట్టుకునే దాయాదులు కదా మాస్టారూ" అన్నాడు. మా వైపు పాలోళ్ళంటే కోర్టు కేసులే గుర్తొస్తాయి మరి, తప్పు లేదు. మాస్టారు చెప్పారు, ఇక్కడ పాలివారంటే వేటలో భాగస్వాములనీ, అపొస్తలుల కార్యాలు 2:42లో "సహవాసము" అని ఉన్న చోట గ్రీకులో కొయినోనియా అనే మాట ఉందనీ, లూకాలో ఈ పదో వచనంలో పాలివారు అన్నదీ అదే మాటకి చుట్టమనీ. అంటే సహవాసం అన్న మాట చర్చిలో పుట్టింది కాదు, పడవ మీద కూడా తిరిగిన మాట.

దానికి ఆ కుర్రాడు కాసేపు ఆలోచించి, "అలాగైతే మాకు తెలుసన్నా" అన్నాడు. "పడవకో పాలు, వలకో పాలు, మనిషికో పాలు. చేప పడితే పాలు. పడకపోతే అప్పులో పాలు."

అప్పులో పాలు. ఇరవై ఏళ్ళుగా నేను విన్న సహవాసం ప్రసంగాల్లో ఈ మాట ఒక్కరూ అనలేదు. చేప పడినప్పుడు సాక్ష్యం చెప్పడానికి మైకు ఇస్తారు. పడనివాడు ఆ ఆదివారం వెనక వరసలో కూర్చుని ప్రార్థన అవగానే వెళ్ళిపోతాడు.

అప్పు మాట వచ్చింది కాబట్టి డ్వాక్రా అక్క అన్నది కూడా రాయాలి. "మా గ్రూపులో ఎవులింట్లో ఏటవుతుందో మాకు తెల్దేటి? కిస్తీ ఆలస్యమైతే ఆ సాయంత్రం గుమ్మంలో ఉంటాం. చర్చిలో ఆరు వారాలు మనిషి రాకపోతే మనకి తెల్లేదు" అంది. వదిన పక్కనే ఉంది. నేను నేల చూశాను. పదిమంది ఆడవాళ్ళు నెల నెలా కూర్చుని పొదుపు లెక్క చూసుకునే చోట ఒకరి కష్టం ఇంకొకరికి తెలిసినంతగా, ఒకే రొట్టె విరుచుకునే చోట తెలియకపోవడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. మాస్టారు అప్పుడొక చరిత్ర చెప్పారు. 1742లో ఇంగ్లండులో బ్రిస్టల్ అనే ఊళ్ళో, మెథడిస్టు సంఘాలకి మూలపురుషుడైన జాన్ వెస్లీ మనుషులు కట్టుకున్న మందిరం మీద అప్పు ఉందట. మనిషికి వారానికి ఒక పెన్నీ వేసుకుని తీరుద్దామని ఒకాయన అన్నాడట. బీదవాళ్ళు ఇవ్వలేరే అని ఇంకొకరు అంటే, ఆయన, బాగా బీదవాళ్ళను పదకొండు మందిని నాకు అప్పగించండి, వారం వారం వాళ్ళింటికి నేను వెళ్తాను, ఇస్తే సరే, ఇవ్వలేకపోతే వాళ్ళ పెన్నీ కూడా నేనే వేస్తాను అన్నాడట. అలా పన్నెండేసి మంది గుంపులయ్యాయి. పెన్నీ కోసం గుమ్మం ఎక్కిన మనిషికి ఆ ఇంట్లో తాగుడు, తగాదా, జబ్బు, అన్నీ కనబడ్డాయి. కొన్నాళ్ళకి పెన్నీ సంగతి చిన్నదైపోయి, నీ ఆత్మ ఎలా ఉంది అని ఒకరినొకరు అడగడం పెద్దదైంది. మెథడిస్టు సంఘాలకి వెన్నెముక అదే అయిందని మాస్టారు చెప్తే, డ్వాక్రా అక్క "అయితే ఆయనా మా గ్రూపే" అంది.

అక్క మాటలతో ఆగలేదు. వాళ్ళ గ్రూపులో ఒకావిడ ఊరు మారి ఖాళీ అయిన చోట వదినని చేర్చింది. కొన్ని నెలలకి తక్కువ వడ్డీకి గ్రూపు లోను వచ్చింది, దాంతో ఆ రోజు అన్నయ్య తాకట్టు పెట్టిన వదిన గాజులు విడిపించారు. ఆ రోజు గోల్డ్ లోన్ ఆఫీసుకి నేనూ వెళ్ళాను, ఫోన్ బండి డిక్కీలో పెట్టేసి.

ఇక్కడిదాకా చదివి అంతా బాగుందే అనుకుంటారని భయంగా ఉంది, కాబట్టి నేను చేసిన పాడుపని కూడా రాస్తాను. ఏప్రిల్లో ఆ కుర్రాడు, పెద్దవల లాగుతూ చెయ్యి విరిగిన నాన్న గురించీ, ఊళ్ళో వడ్డీకి తెచ్చిన డబ్బు గురించీ, ఆ టెన్షన్‌లో తను మళ్ళీ మందు మొదలుపెట్టిన సంగతీ మాకు చెప్పుకున్నాడు. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో నేను లేచి, పేరు చెప్పకుండానే, "మా ఫ్యాక్టరీలో ఒక తమ్ముడి కోసం ప్రార్థన చేయండి, తాగుడు నుంచి విడుదల కావాలి" అన్నాను. మా ఫ్యాక్టరీ నుంచి చర్చికి వచ్చే తమ్ముళ్ళు ఇద్దరే, అందులో ఒకడు పెళ్ళయి భార్య పక్కన కూర్చుని ఉన్నాడు. ఇంక పేరు చెప్పడం దేనికి? ఆదివారానికి వీధివీధికీ తెలిసింది. మన సంఘాల్లో చాడీలు ఎవరూ చెప్పరు, "ప్రార్థనలో పెట్టండి సిస్టర్" అంటారు, అంతే. ఆ కుర్రాడు రావడం మానేశాడు. ఫోన్ ఎత్తలేదు. బస్సులో నన్ను చూసి వెనక సీట్లోకి వెళ్ళిపోయాడు.

క్షమాపణ చెప్పడానికి నాకు ఐదు వారాలు పట్టింది, అందులో మూడు వారాలు నాది తప్పేం లేదని నాకు నేను చెప్పుకోవడంలోనే పోయాయి. మాస్టారు తోమా సంగతి గుర్తు చేశారు. యేసు తిరిగి లేచిన ఆదివారం సాయంత్రం శిష్యులకి కనబడినప్పుడు వాళ్ళల్లో ఒకడైన తోమా అక్కడ లేడు, ఎందుకు లేడో రాయలేదు. ఎనిమిది రోజుల తర్వాత మళ్ళీ వాళ్ళతో కలిసి ఉన్నాడంటే ఈ మధ్యలో ఎవరో ఒకరు వెళ్ళి అతన్ని పలకరించబట్టే కదా, "మేము ప్రభువును చూచితిమి" అని వాళ్ళు అతనితో చెప్పినట్టు ఉంది కదా, నువ్వెళ్ళావా అన్నారు. వెళ్ళాను. కళింగపట్నం. ఇసకలో వాళ్ళ నాన్న ఎడమ చేత్తో వల బాగుచేస్తున్నాడు. క్షమించమని అడిగాను, కుర్రాడు చాలాసేపు ఏమీ అనలేదు, తర్వాత దారం కండె నా చేతికిచ్చి పట్టుకోమన్నాడు. గంటసేపు పట్టుకున్నాను. మళ్ళీ రావడానికి ఇంకో మూడు వారాలు తీసుకున్నాడు. ఇప్పుడు మా దగ్గర చెప్పింది మా దగ్గరే ఉంటుంది, అయ్యగారికి కూడా చెప్పం, చెప్పాలంటే చెప్పినవాళ్ళే చెప్పుకోవాలి.

ఆత్మీయంగా ఎదిగావా అని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో నాకు తెలీదు. మనం ఎదిగింది మనకి కనబడదు, పిల్లల పొట్టి నిక్కర్లు పక్కింటివాళ్ళకే ముందు కనబడతాయి. మా ఆవిడ ఒకటి అంది. సి షిఫ్ట్ దిగొచ్చిన రోజు పొద్దున్న పిల్లల మీద అరిచి, మధ్యాహ్నం లేచాక ఏమీ జరగనట్టు ఉండేవాణ్ణట ఇదివరకు. ఇప్పుడూ అరుస్తున్నాను గానీ లేచాక వాళ్ళ దగ్గరికి వెళ్ళి సారీ చెప్తున్నానట. నాకైతే గుర్తు కూడా లేదు.

జూలైలో మార్కు తొమ్మిదో అధ్యాయం దగ్గర మూడు వారాలు ఆగిపోయాం. మూర్ఛతో నిప్పుల్లో నీళ్ళల్లో పడిపోయే కొడుకుని తండ్రి తీసుకొస్తాడు చూడండి, శిష్యుల వల్ల కాలేదంటాడు, ఆఖరికి "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము" అంటాడు. ఆ వాక్యం చదువుతున్న మాస్టారు ఆగిపోయారు. ఎప్పుడూ మాకు చెప్పే మనిషి. ఆయన కొడుకు ఎక్కడో దూరంగా ఉంటాడనీ, మాటల్లేవనీ మాకు తెలుసు, అంతకంటే తెలీదు. ఆయన కళ్ళద్దాలు తీసి, "ముప్ఫై ఏళ్ళు బడిలో, నలభై ఏళ్ళు సండే స్కూల్లో చెప్పానయ్యా, మొదటి సగం చెప్పాను, రెండో సగం నాకు ఇప్పుడే వస్తోంది" అన్నారు. ఎవరూ వాక్యం ఎత్తి ఓదార్చలేదు, దానికి దేవుడికి స్తోత్రం. డ్వాక్రా అక్క ఆయన ముందున్న వెల్లుల్లి చేట తన వైపు లాక్కుని ఒలవడం మొదలుపెట్టింది. మరో రెండు వారాలు అక్కడే చదివాం, ఆయన ముందుకు వెళ్దామనే వరకు.

వేరే సంఘం పెడుతున్నారా అని సంఘ పెద్దలు ఒకరిద్దరు అడిగారు. అయ్యగారు అడగలేదు, ఒక శనివారం తనే వచ్చి కూర్చున్నారు. మాట్లాడమంటారేమో అని బైబిల్ తెరిచి సిద్ధంగా ఉన్నారు పాపం. అక్క ఆయన చేతికి చిక్కుడుకాయలు ఇచ్చింది. వెళ్ళేటప్పుడు గుమ్మంలో చెప్పులేసుకుంటూ, "మళ్ళీ ఎప్పుడు?" అని అడిగారు, అంతే. ఆయనకీ ఒక షిఫ్ట్ ఉందని, అది ఎప్పుడూ మారదని, అప్పటిదాకా నాకు తట్టలేదు.

ఈ వారం నాది బి షిఫ్ట్. మా ఆవిడ గొలుసు ఇంకా ఆ ఆఫీసులోనే ఉంది, జూన్‌లో వడ్డీ కట్టి రెన్యువల్ చేయించాను, మళ్ళీ కట్టాల్సింది 18న. పొద్దున్న పదకొండులోపు అయిపోవాలి, ఆ తర్వాత నాకు బస్సు. అన్నయ్యది సి షిఫ్ట్, నిద్ర మానుకుని వస్తానంటున్నాడు. లైను పెద్దదిగా ఉంటే అక్కడే పదో అధ్యాయం చదువుకుందాం, టోకెన్ నువ్వు తీసుకో, బైబిల్ నేను తెస్తాను అన్నాడు.